‘సర్వర్ డౌన్’ అంటే సరిపోదు

బళ్లారిలో అయితే ‘నాళె బన్ని’ అంటారు. హోసూరులో ‘నాళైక్కు వాంగ’. రాయగడలో ‘కాలి ఆసంతు’. షోలాపూర్‌లో ‘ఉద్యా యా’. యానాంలో మాత్రం మన మాటలోనే ‘రేపు రండి’. భాషలు ఐదు, అర్థం ఒక్కటే. దానికి ముందు వినపడే రెండు ముక్కలు మాత్రం అన్నిచోట్లా ఒకటే: ‘సర్వర్ డౌన్’.

వెనకటి రోజుల్లో మనూళ్లలో తలుపుల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసుకునేవాళ్లు. కన్నడ సీమలో ‘నాళె బా’ అని రాసేవాళ్లు. ఆ రాత చదివి దయ్యం వెనక్కి పోతుందని నమ్మకం. మర్నాడొస్తే మళ్లీ అదే రాత. ఇప్పుడా రాత కౌంటర్ల మీదకెక్కింది. చదువుకుని తిరిగిపోతున్నది మాత్రం దయ్యాలు కాదు, మనుషులు.

ఆ మనుషులెవరో మనకు తెలుసు. షోలాపూర్‌లో వెయ్యి బీడీలకు ఇంత అని లెక్కగట్టి కూలి తీసుకునే పద్మశాలి ఆడపడుచు. భివండిలో మరమగ్గం ఆపి వచ్చిన కార్మికుడు. పహణి కోసం తాలూకా ఆఫీసుకు బస్సెక్కిన బళ్లారి రైతు. ఆదాయ ధ్రువపత్రం లేక పిల్లవాడి స్కాలర్‌షిప్ గడువు దాటిపోతోందని ఆందోళన పడే రాయగడ తండ్రి. వీళ్లకు ఒక ‘రేపు’ అంటే ఒక రోజు కూలి, రానూపోనూ చార్జీలు. నెలలో మూడు ‘రేపులు’ పడితే ఇంట్లో సరుకుల లెక్క మారిపోతుంది.

అందుకే ఈ రెండు ముక్కల జవాబును ఇకనైనా ఒప్పుకోకూడదు. డాక్టరు దగ్గరికెళ్తే ‘ఒంట్లో బాగోలేదు’ అని రాసిచ్చి పంపిస్తే ఊరుకుంటామా? ఏం బాగోలేదు, ఎందుకు బాగోలేదు, ఎప్పటికి తగ్గుతుంది అని అడుగుతాం. సర్వరుకూ అంతే. దాన్ని పడగొట్టే కారణాలు వందలు ఉండవు. తరచూ వచ్చేవి అరడజనుకు మించవు. చాలావాటిని తెలిసినవాడు అరగంటలో పట్టేస్తాడు. పట్టాలని అడిగేవాళ్లు లేకపోవడమే అసలు జబ్బు.

డౌన్ అయింది ఎవరిది?

మొదట తేల్చాల్సింది ఇది. సర్వరు బెంగళూరులోనో, చెన్నైలోనో, భువనేశ్వర్‌లోనో, ముంబయిలోనో ఉంటుంది. కౌంటరు మన ఊళ్లో ఉంటుంది. మధ్యలో తీగ ఉంది, కరెంటుంది, యూపీఎస్ ఉంది. రోడ్డు తవ్వి కేబుల్ తెంపితే పడిపోయింది సర్వరు కాదు, దారి. పక్క ఊరి కేంద్రంలో పని నడుస్తోందా? ఇదే కంప్యూటర్‌లో వేరే వెబ్‌సైట్ తెరుచుకుంటోందా? ఈ రెండు ప్రశ్నలకు ఫోన్లోనే జవాబు దొరుకుతుంది. సగం తగాదా అక్కడే తేలిపోతుంది.

సర్వర్లన్నీ నిక్షేపంగా ఉండి దారి మాయమైతే ఏమవుతుందో 2021 అక్టోబరు 4న ప్రపంచమంతా చూసింది. ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ దాదాపు ఆరు గంటలు ఆగిపోయాయి. మామూలు మరమ్మతులో ఇచ్చిన ఒక ఆదేశంతో ఆ కంపెనీ కేంద్రాల మధ్య లైన్లు తెగాయి. దాంతో వెబ్‌సైట్ పేరును చిరునామాగా మార్చి చెప్పే డీఎన్‌ఎస్ సర్వర్లకు దారి చూపే సమాచారం ఇంటర్నెట్ నుంచి తొలగిపోయింది. ఇంట్లో మనుషులున్నారు, వీధి పేరు మాత్రం చెరిగిపోయింది. ఆ సంస్థ ఏం జరిగిందో తర్వాత వివరంగా రాసి అందరి ముందూ పెట్టింది. మన తాలూకా ఆఫీసుల సర్వర్ల గురించి అలాంటి ఒక్క పేజీ ఎవరైనా చదివారా?

నిండిన గోదాము

రెండోది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ ఎక్కువసార్లు కొంప ముంచేది ఇదే. డిస్కు నిండిపోవడం. సర్వరు తాను చేసే ప్రతి పనినీ చిట్టాలో రాసుకుంటుంది. దాన్నే లాగ్ అంటారు. పాత లాగ్‌లను ఎప్పటికప్పుడు సర్ది తీసేయకపోతే అవి పెరిగి పెరిగి గోదామంతా ఆక్రమిస్తాయి. ఆ రోజు కొత్త అర్జీ రాయడానికి డేటాబేస్‌కు జాగా ఉండదు. రాయలేక ఆగిపోతుంది. కౌంటర్లో కనిపించేది మాత్రం యథాప్రకారం ‘సర్వర్ డౌన్’.

ఇక్కడ రెండు తిరకాసులున్నాయి. జాగా ఉన్నట్టు చూపిస్తూనే ఫైలు రాయనివ్వకపోవచ్చు. లైనక్స్‌లో ఫైళ్ల సంఖ్యకూ ఒక పరిమితి ఉంటుంది. చిన్నచిన్న ఫైళ్లు లక్షల్లో పేరుకుంటే ఆ కోటా ముందే అయిపోతుంది. రెండోది, పెద్ద ఫైలు చెరిపినా జాగా తిరిగి రాకపోవచ్చు. ఏదో ప్రోగ్రాం ఆ ఫైలును ఇంకా తెరిచి పట్టుకుని ఉంటే అది వదిలేదాకా ఆ చోటు ఖాళీ కాదు. ఇంకో ప్రమాదం కూడా ఉంది. కంగారులో కొందరు డేటాబేస్ సొంత చిట్టా ఫైళ్లనే చేత్తో చెరిపేస్తారు. అది గోదాములో జాగా కోసం దస్తావేజుల పెట్టె తగలబెట్టడం లాంటిది. ఏవి పనికిరానివో డేటాబేస్‌నే అడిగి, దాని ఆదేశంతోనే తీయించాలి.

నిజానికి ఇది రాకూడని సమస్య. డిస్కు 80 శాతం నిండగానే హెచ్చరిక సందేశం వచ్చేలా పెట్టడం ఒక పూట పని.

ఆపి మళ్లీ వేస్తే సరిపోదు

మనవాళ్లలో చాలామందికి తెలిసిన వైద్యం ఒక్కటే: రీస్టార్ట్. పనిచేస్తుంది కూడా, తలనొప్పి మాత్రలాగా. గంట తర్వాత మళ్లీ మొదలు. మెమరీ అయిపోయినప్పుడు లైనక్స్ తనను తాను కాపాడుకోవడానికి ఎక్కువ మెమరీ తింటున్న ప్రోగ్రాంను బలవంతంగా చంపేస్తుంది. చాలాసార్లు ఆ బలి డేటాబేసే అవుతుంది. ఆ సంగతి చిట్టాలో స్పష్టంగా రాసి ఉంటుంది. అది చదవకుండా రీస్టార్ట్ కొట్టేవాడు రోగాన్ని కాక ఫిర్యాదును మాన్పుతున్నాడు. ముందు చిట్టా చదవాలి, ఆనవాళ్లు భద్రం చేయాలి, ఆ తర్వాతే చెయ్యి వేయాలి.

చాంతాడంత క్యూ

సోమవారం పొద్దున పదకొండు గంటలకు రోజూ లేని నిదానం ఎందుకొస్తుంది? డేటాబేస్‌లోకి ఒకేసారి ఎంతమంది రావచ్చో లెక్క ఉంటుంది. ఎవరూ మార్చకపోతే మైఎస్‌క్యూఎల్‌లో అది 151, పోస్ట్‌గ్రెస్‌లో 100. అది దాటితే కొత్తవారికి తలుపు మూసుకుంటుంది. వెంటనే ఆ సంఖ్యను వెయ్యి చేసేస్తే తీరిపోతుందనుకుంటారు. రేషన్ షాపులో తూకం వేసే మనిషి ఒక్కడే ఉన్నప్పుడు తలుపు వెడల్పు చేస్తే ఏమవుతుంది? తోపులాట లోపలికి వస్తుంది, అంతే. ముందు లోపలున్నవాళ్లు ఎందుకు కదలడం లేదో చూడాలి.

ఎక్కువసార్లు కారణం వెతికే తీరులో ఉంటుంది. సర్వే నంబర్ల వరసలో రాసిన పుస్తకంలో పట్టాదారు పేరు పట్టుకుని వెతకాలంటే మొదటి పేజీ నుంచి చివరి దాకా తిప్పాల్సిందే. పేర్ల వరసలో వెనకాల ఒక సూచిక ఉంటే నిమిషం పని. డేటాబేస్‌లో దాన్నే ఇండెక్స్ అంటారు. వేల రికార్డులున్నప్పుడు అది లేకపోయినా తెలియదు. కోటి దాటాక ప్రతి వెతుకులాటా ఒక యాత్రే.

ఇంకో కారణం తాళాలు. ఒకరు ఒక ఖాతాను మారుస్తుంటే అదే ఖాతాను మార్చాల్సిన రెండోవారు ఆగాలి. అది న్యాయమే. కానీ మొదటాయన పుస్తకం తెరిచిపెట్టి టీ తాగడానికి పోతే? మైఎస్‌క్యూఎల్ మామూలుగా 50 సెకన్లు చూసి చేతులెత్తేస్తుంది. పోస్ట్‌గ్రెస్‌కు గడువు చెప్పకపోతే అలా ఎదురుచూస్తూనే ఉంటుంది. ఎవరు ఎవరిని ఆపుతున్నారో రెండు డేటాబేస్‌లూ పట్టిక వేసి చూపిస్తాయి. చూసేవాడు కావాలి. నెలాఖరు నివేదికలను జనం నిలబడి ఉన్న వేళ కాకుండా రాత్రి తీసుకుంటే ఈ బాధ సగం పోతుంది. దీనికి సాంకేతిక జ్ఞానం కూడా అక్కర్లేదు, ఇంగితం చాలు.

ఒక్కోసారి క్యూలో నిలబడేది మనుషులే కాకపోవచ్చు. కర్ణాటకలో స్థిరాస్తి రిజిస్ట్రేషన్లు నడిపే కావేరి 2.0 వ్యవస్థ 2025 జనవరిలో పదేపదే మొరాయించింది. నకిలీ ఖాతాలు సృష్టించి, ఈసీల కోసం లెక్కలేనన్ని వెతుకులాటలు పంపి డేటాబేస్‌ను ఉక్కిరిబిక్కిరి చేశారని తర్వాత తేలింది. అంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ముందు దస్తావేజు పట్టుకుని నిలబడ్డ రైతుకంటే ముందు వేల దొంగ అర్జీలు క్యూలో చేరాయన్నమాట. సరైన కారణం కనిపెట్టారు కాబట్టే సరైన మందు వేయగలిగారు.

గడువు తీరిన ముద్ర

‘ఈ వెబ్‌సైట్ సురక్షితం కాదు’ అని ఎర్రగా కనిపించిందంటే చాలాసార్లు ఏ దొంగా దూరలేదు. సైటుకుండే సర్టిఫికెట్ గడువు తీరిపోయింది, కొత్తది వేయడం మరిచారు. కరెంటు బిల్లు కట్టడం మరిచి చీకట్లో కూర్చున్నట్టు. ఇన్నాళ్లూ ఏడాదికోసారి గుర్తుపెట్టుకుంటే సరిపోయేది. కానీ బ్రౌజర్ల కంపెనీలు, సర్టిఫికెట్ సంస్థలు కలిసి 2025 ఏప్రిల్‌లో ఈ గడువును అంచెలంచెలుగా తగ్గించాలని తీర్మానించాయి. 2026 మార్చి నుంచి 200 రోజులు, 2027 మార్చి నుంచి 100, 2029 మార్చి నుంచి 47 రోజులే. ఇక చేత్తో మార్చే పద్ధతి నడవదు. దానంతట అదే మారేలా ఏర్పాటు చేసుకోని ఆఫీసుల్లో ‘సర్వర్ డౌన్’ బోర్డు నెలన్నరకోసారి వేలాడుతుంది.

నకలు ఉందంటే నమ్మొద్దు

ఇప్పటిదాకా చెప్పినవి ఒక రోజు కష్టాలు. అసలు నష్టం నకళ్లు లేనప్పుడు వస్తుంది. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే సంస్థలో ఒక ఇంజినీరు నకలు సర్వరులో చెరపబోయి అసలు సర్వరులోనే డేటా చెరిపాడు. దాదాపు 300 జీబీలో మిగిలింది 4.5 జీబీ. నకళ్ల కోసం ఐదు ఏర్పాట్లున్నాయి. తీరా చూస్తే నమ్మదగ్గది ఒక్కటీ లేదు. రోజూ నకలు తీసే ప్రోగ్రాం ఎన్నాళ్లుగానో విఫలమవుతోంది. ఆ సంగతి చెప్పే ఈమెయిళ్లు కూడా చేరలేదు. అనుకోకుండా ఆరు గంటల ముందు ఒకరు తీసిపెట్టిన నకలు కాపాడింది.

2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని డేజాన్ నగరంలో ప్రభుత్వ డేటా కేంద్రంలో బ్యాటరీలు అంటుకున్నాయి. 709 ప్రభుత్వ వ్యవస్థలు ఆగిపోయాయి. ఉద్యోగులు ఫైళ్లు దాచుకునే ‘జీ డ్రైవ్’లో 858 టెరాబైట్ల సమాచారం బూడిదైంది. దానికి వేరే చోట నకలే లేదు. అంత పెద్ద దేశంలోనే అలా జరిగితే మన తాలూకా సంగతేంటని అనుమానించడం తప్పు కాదు.

నకలు తీశామన్న మాటకు విలువ లేదు. దాన్ని ఖాళీ సర్వరులో పోసి, తెరిచి, పది రికార్డులు చదివి చూశామన్న మాటకే విలువ. ఇంటి పత్రాల జిరాక్సు బీరువాలో ఉందనుకుని, అవసరానికి తీస్తే తెల్లకాగితం వచ్చినట్టు కాకూడదు కదా.

మన పేర్ల తంటా

ఇక మన సరిహద్దు తెలుగువాళ్లకు మాత్రమే తెలిసిన తిప్పలు వేరే ఉన్నాయి. సర్వరు లేచే ఉంటుంది, మన పేరు మాత్రం అందులో దొరకదు.

తమిళ లిపిలో క, ఖ, గ, ఘలకు ఒకటే అక్షరం. హోసూరు గోపాల్ పేరును తమిళం నుంచి మళ్లీ వేరే లిపిలోకి మారిస్తే కోపాల్ కావచ్చు. ఒడియాలో వెంకటరావు భెంకట రావు అవుతాడు. మహారాష్ట్ర దరఖాస్తులో ముందు పేరు, తర్వాత తండ్రి పేరు, చివర ఇంటిపేరు. మనకేమో ఇంటిపేరే ముందు. తమిళనాట ఇంటిపేరు పొడి అక్షరానికి కుదించుకుపోతుంది. ఒకే మనిషి ఆధార్‌లో ఒకలా, రేషన్ కార్డులో ఇంకోలా, భూమి పత్రంలో మరోలా ఉంటాడు. కంప్యూటర్ దృష్టిలో ముగ్గురు మనుషులు.

తెలుగులోనే రాసినా గండం తప్పదు. యూనికోడ్‌లో తెలుగు అక్షరాల సంకేతం ఒక్కోదానికి యూటీఎఫ్-8 పద్ధతిలో మూడు బైట్లు కావాలి. ‘వెంకటేశ్వరరావు’ అంటే 14 సంకేతాలు, 42 బైట్లు. ఇంగ్లిషు అక్షరాల్లో రాస్తే 15 బైట్లతో అయిపోతుంది. ఇంగ్లిషు పేరును తలుచుకుని 30 బైట్ల గడి పెట్టినవాడి డేటాబేస్‌లో మన వెంకటేశ్వరరావు సగంలో తెగిపోతాడు, లేదా అసలు ఎక్కడు. పాత లాటిన్ పద్ధతిలో ఉన్న డేటాబేస్‌లో తెలుగు పోస్తే ప్రశ్నార్థకాలు మిగులుతాయి. ఒకసారి ప్రశ్నార్థకంగా నిల్వైన పేరు మళ్లీ తిరిగి రాదు. మూలపత్రం చూసి మళ్లీ కొట్టుకోవాల్సిందే.

ఇంకా చిత్రమైనది కంటికి కనిపించని అక్షరం. ‘రాజ్‌కుమార్’ అని రాసేటప్పుడు జకారం కింద కకారం వత్తుగా పడకుండా మధ్యలో ఒక గుప్త సంకేతం పెడతాం. ఒక గుమాస్తా పెడతాడు, ఇంకొకాయన పెట్టడు. ‘ఐ’త్వం గుర్తును కూడా రెండు రకాలుగా నిల్వ చేయొచ్చు, చూడటానికి ఒకేలా ఉంటుంది. వెతికితే మాత్రం ‘రికార్డు లేదు’. మందు ఉంది. దాచే ముందు అన్ని పేర్లనూ ఒకే రూపంలోకి తేవాలి. వెతికేటప్పుడు గుప్త సంకేతాలను వదిలేయాలి. పేరుతో కాక నంబరుతో మనిషిని గుర్తించి, పేరు రూపాలన్నిటినీ ఆ నంబరు కిందే ఉంచాలి. ఇవి కొత్త పరిశోధనలేమీ కాదు. సాఫ్ట్‌వేర్ రాయించేటప్పుడే తెలుగువాళ్లూ ఈ రాష్ట్రంలో ఉన్నారని ఎవరో ఒకరు గుర్తుచేయాలి. ఆ ఎవరో మనమే కావాలి.

గడియారం మొదలవ్వాలి

కర్ణాటకలో ‘సకాల’ చట్టం 2011లో వచ్చింది. ఒడిశాలో సేవా హక్కు చట్టం 2012లో, మహారాష్ట్రలో 2015లో వచ్చాయి. ఏ పత్రం ఎన్ని రోజుల్లో ఇవ్వాలో వాటి కింద గడువులున్నాయి. గొప్ప సంగతే. కానీ ఆ గడువు అర్జీ నమోదైన రోజు నుంచి లెక్క. సర్వరు పనిచేయకపోతే అర్జీ ఎక్కదు. అర్జీ ఎక్కకపోతే గడియారం మొదలవదు. మనం నాలుగు రోజులు తిరిగినా కాగితం మీద ఒక్క రోజు కూడా ఆలస్యం కాలేదు! ‘సర్వర్ డౌన్’ అనే మాటకున్న అసలు బలం ఇదే.

కాబట్టి మొదటి కోరిక ఇది: సర్వరు పనిచేయని రోజున అర్జీ కాగితం మీద తీసుకుని, తేదీ వేసి, సంతకంతో రసీదు ఇవ్వాలి. లేచాక ఆ తేదీతోనే ఎక్కించాలి. అలా కుదరదంటారు కొందరు. 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ కంప్యూటర్లను దుండగులు స్తంభింపజేస్తే అంత పెద్ద ఆస్పత్రి రోజుల తరబడి చేతిరాతతో రోగులను చూసింది. ప్రాణాల వ్యవహారమే కాగితం మీద నడిచినప్పుడు ఆదాయ ధ్రువపత్రం నడవదా? రేషన్ విషయంలోనైతే వేలిముద్ర పడలేదనో, నెట్‌వర్క్ అందలేదనో అర్హులకు సరుకులు నిరాకరించొద్దని కేంద్ర ఆహార శాఖ 2017 అక్టోబరులోనే రాష్ట్రాలకు రాసింది.

రెండోది, ఆగిన ప్రతిసారీ చిట్టా రాయాలి: ఎప్పుడు ఆగింది, ఎందుకు ఆగింది, ఎప్పుడు లేచింది. ఆఫీసు గోడకు అంటించాలి. అలా చేయకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది. ఆరు నెలల్లో ఎన్ని గంటలు ఆగిందో, నకలును చివరిసారి ఎప్పుడు తెరిచి పరీక్షించారో అడగొచ్చు. ఈ రెండు ప్రశ్నలు పడితే చాలు, చాలాచోట్ల మొదటిసారిగా ఆ లెక్క తీస్తారు.

మూడోది మనుషులు. కౌంటర్లో కూర్చున్న కుర్రాడి మీద అరిచి లాభం లేదు. అతడి చేతిలో మౌస్ తప్ప అధికారం లేదు. జిల్లాకొక బాధ్యుడు, చిట్టా చదవడం వచ్చినవాడు ఉండాలి. కోలారు, హోసూరు, బళ్లారి నుంచి మన పిల్లలు బెంగళూరుకెళ్లి ప్రపంచంలోని సర్వర్లన్నిటికీ కాపలా కాస్తున్నారు. అర్ధరాత్రి అమెరికాలో డిస్కు నిండితే వాళ్ల ఫోను మోగుతుంది. పుట్టిన ఊరి తాలూకాలో నిండితే మోగే ఫోనే లేదు. పండక్కి ఊరొచ్చినప్పుడు ఆ పిల్లలు తెలుగు సంఘాల్లో ఒక పూట కూర్చుని, ఏం అడగాలో పెద్దలకు చెప్పి, పేర్ల తప్పుల అర్జీలు రాసిపెడితే అదే ఊరికి చేసే పెద్ద సేవ.

సర్వరు యంత్రం, అప్పుడప్పుడూ ఆగుతుంది. ఆగినందుకు ఎవరూ ఉరి తీయమనడం లేదు. ఎందుకాగిందో చెప్పమంటున్నాం, మన రోజును లెక్కలో వేయమంటున్నాం. ఈసారి ‘రేపు రండి’ అన్నప్పుడు కౌంటరు దగ్గర్నుంచి కదలకుండా, ఏ భాషలో అన్నారో ఆ భాషలోనే మర్యాదగా ఒక్క మాట అడగండి: ‘ఇవాళ వచ్చినట్టు రసీదు ఇవ్వండి.’